మస్తాన్ లారీ ఆగే చోటు

గుంటూరు వైపు వెళ్ళొచ్చానంటే ఎవరైనా మొదట అడిగేది కారప్పొడి తెచ్చావా అని. తెచ్చాను. రెండు పొట్లాలు తెస్తే ఒకటి అప్పుడే అయిపోయింది. కానీ నేను వెళ్ళింది కారప్పొడి కోసం కాదు, ఒక లారీ కోసం. ఆ లారీ రోడ్డు మీద ఉండదు, ఫోన్లో ఉంటుంది. దాన్ని తోలే మనిషిని చూసి రమ్మని మా ఆఫీసు వాళ్ళు నన్ను పంపారు.

నేను హైదరాబాదులో ఫోన్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో బొమ్మలు వేస్తాను. మా సొంతూరు విజయనగరం. మా ఆటల్లో ఒకటి లారీ ఆట. గుంటూరు యార్డులో మిరపకాయల బస్తాలు ఎక్కించుకుని కన్యాకుమారి దాకా తోలుకుంటూ పోవాలి, అంతే. పోటీ లేదు, కొట్లాట లేదు, గెలుపూ లేదు. దారి పొడవునా పొలాలు, పాకలు, పెట్రోలు బంకులు, పైన బోలెడంత ఆకాశం. ఆ దారి మొత్తం నేనే వేశాను. ఫొటోలు ముందేసుకుని వేశాను తప్ప ఆ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

మా టీముకి పెద్ద శ్రీధర్. చెడ్డవాడు కాదు గానీ లెక్కల మనిషి. ఆడేది ఆడా మగా, వయసెంత, ఏ వేళప్పుడు ఆడతారు, ఇవి తెలిస్తేనే ఏ ప్రకటన ఎవరికి చూపించాలో తెలుస్తుందంటాడు. లారీ ఆటలో ఉన్న పేర్లు దాదాపు అన్నీ మగపేర్లే. అందుకని మగవాళ్ళ కోసం లారీలు గుద్దుకునే పోటీ ఆట ఒకటి తయారవుతోంది. ఆడవాళ్ళ కోసం ఇంకొకటి: గులాబీ రంగు లారీ, చీరలూ గాజులూ లోడు, చిటికెలో అయిపోయే దారి. ఈ రెండూ రాగానే నా పొడుగు దారి మూసేస్తారు. ఆ మాట విన్న రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

శ్రీధర్ లెక్కకి అడ్డొచ్చింది ఒక్క పేరు. మస్తాన్, మగ, మార్టూరు వైపు. రోజూ మధ్యాహ్నం, ఊళ్ళో మగాళ్ళంతా పనిలో ఉండే వేళ, బయల్దేరతాడు. ఎవర్నీ దాటడు. మిగతా కుర్రాళ్ళు హారన్ మీంచి వేలు తీయరు, ఇతను ఒక్కసారి కూడా కొట్టలేదు. పైగా ఏమీ లేని చోట రోడ్డు పక్కన లారీ ఆపేస్తాడు. కాసేపటికి కదులుతాడు, ఇంకొంత దూరం పోయి మళ్ళీ ఆపుతాడు. మా ఇంజనీర్లు తప్పు ఆటలోనే ఉందేమోనని తెగ వెతికారు, దొరకలేదు. ఆ చుట్టుపక్కల ఇలాంటి లారీలు ఇంకొన్ని ఉన్నా, అందరికంటే దూరం పోయింది మస్తానే.

"వెళ్ళి చూసి రా. ఆడవాళ్ళ ఆటలో వెయ్యాలో, మగవాళ్ళ ఆటలో వెయ్యాలో తేలిపోవాలి," అన్నాడు శ్రీధర్. బహుమతి ఇస్తామని ఆటలోంచే మస్తాన్‌కి కబురు పెడితే, ఊరి పేరు రాసి "రండి" అని జవాబొచ్చింది. లారీ బొమ్మ వేసిన నల్ల టీషర్టు, మగవాళ్ళ సైజుది, సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

మంగళగిరి

దారిలోనే కదా, మంగళగిరిలో కూడా ఒకరిని చూసి రమ్మన్నారు. మాకు చీరల ఆట ఒకటుంది. బొమ్మకి చీర, అంచు, రవిక జత కలిపి కట్టాలి. అందులో అందరికంటే ముందున్న పేరు నాగలక్ష్మి. కొండ కింద సందులో, మగ్గం చప్పుడు వినపడే ఇల్లు. తలుపు తీసింది నాగలక్ష్మే, చేతికి పిండి ఉంది.

"ఆటా? నాకెక్కడ తీరుద్దండీ," అంది. "మా మావయ్య గారిని అడగండి."

మావయ్య గారి పేరు పద్మనాభం. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన. నేనెవరో చెప్పగానే కళ్ళజోడు తీసి పంచెతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ తుడవడం అవలేదు. చివరికి ఒప్పుకున్నారు, భోజనం అయ్యాక కోడలి ఫోన్ తీసుకుని రోజూ బొమ్మలకి చీరలు కడుతున్నది తానేనని.

"నీలానికి కనకాంబరం అంచు పెట్టారు చూడండి మీరు, ఆ జత మేం నేసి ఎన్నేళ్ళయిందో. బేరం లేక మానేశాం. ఫోన్లో కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది," అన్నారు.

ఆ జత నేను ఏదో తోచి పెట్టింది. ఆ మాట చెప్పలేదు. ఆయన నాకు మజ్జిగ ఇప్పించి, బాగా ఆలోచించి, ఒక సందేహం అడిగారు.

"ఆట మధ్యలో మొహం తెల్లబడే క్రీములు చూపిస్తున్నారండీ. నిజంగా పనిచేస్తాయంటారా?"

"ఒకసారి తెప్పించి రాశారు కూడా," అంది నాగలక్ష్మి లోపలినుంచి. ఆయన వినపడనట్టు మగ్గం తొక్కసాగారు. మా ఆట ఆయన్ని నాగలక్ష్మి అనుకుంటోంది కాబట్టి క్రీములు చూపిస్తోంది. ఆయన మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ నీలపు చీర మాత్రం బస్సెక్కాక కూడా కళ్ళ ముందునుంచి పోలేదు.

పెదకాకాని

పెదకాకాని గుడి దగ్గర కొత్త బళ్ళకి పూజలు చేయిస్తారు. నేను వెళ్ళేసరికి ఒక లారీ పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. మూతికి పసుపూ కుంకుమా, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. మా విజయనగరంలోనూ బళ్ళకి పూజ చేయిస్తాం, ఏదో ఇంటిముందే కానిచ్చేస్తాం. ఇక్కడ బంధువులంతా ట్రాక్టర్లలో వచ్చి, పులిహోర పొట్లాలు పంచుకుని, అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మొదట పోట్లాట అనుకుని పక్కకి జరిగాను. తర్వాత తెలిసింది, అది కుశలప్రశ్నలని.

ఆ లారీ డ్రైవరు పేరు ఏడుకొండలు. నాకు కొబ్బరిచెక్క ప్రసాదం పెట్టాడు. మాటల్లో లారీ ఆట సంగతి చెప్పి, మీరూ ఆడతారా అని అడిగాను.

"పగలంతా తోలి, కూకుని మళ్ళీ ఫోన్లో తోలాలా? మతిపోయిందా మేడమ్ మీకు? అది తోలటం రానోళ్ళు ఆడుకోవాల గానీ."

"గుంటూరు నుంచి కన్యాకుమారి దాకా పోవచ్చండీ అందులో."

"పోయి?"

"అంతే. చేరడమే."

"తిరుగు లోడు ఏందీ? అంత దూరం పోయి ఖాళీ బండేసుకొస్తాడా ఎవడన్నా? డ్రైవరుకి సిగ్గు గాదూ?" అన్నాడు. ఆట చేసిన వాళ్ళం పాతిక మందిమి, ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు.

చిలకలూరిపేట

పొద్దున్నే రోడ్డు పక్క పాకలో ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ కనపడకుండా కారప్పొడి, దానిమీద నెయ్యి. మా వైపు కూరలోనే ఇంత బెల్లం వేసుకుంటాం, ఇక్కడ ఇడ్లీకి కూడా కళ్ళనీళ్ళు పెట్టించందే వదలరు. ముక్కు తుడుచుకుంటూ తిన్నాను, ఇంకో ప్లేటు చెప్పాను. నలభై రూపాయల్లో కడుపు నిండింది, చెవులు మండాయి.

హైవే మీద నిలబడితే పత్తి ఎగురుతోంది. మిల్లులకి వచ్చే లారీల్లోంచి దూది పింజలు గాలికి లేచి, రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకి చిక్కుకుని, ముళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. అవతల పొలాల్లో కళ్ళాల నిండా ఎండబెట్టిన మిరపకాయలు. ఇక్కడ తెలుపు, అక్కడ ఎరుపు, ఎండలో రెండూ కొంచెం కదులుతున్నట్టున్నాయి. నేను ఆటలో వేసినవే ఇవన్నీ. ఆ బంకు, ఆ మలుపు, ఆ రెండు తాటిచెట్లు. నేను వేసిన బొమ్మలోకి నేనే నడుచుకుంటూ వచ్చేసినట్టయింది. ఆటలో లేనిది ఘాటొక్కటే. గాలి పీలిస్తే గొంతులో సన్నగా గుచ్చుకునేది. అలా దగ్గుకుంటూ, నవ్వుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఆ మైకంలోనే ఆగిన బస్సెక్కి కూర్చున్నాను. కిటికీలోంచి నా రోడ్డు నాకు ఎదురు రావడం చూస్తూ ఉంటే, కాసేపటికి అది నా రోడ్డులా లేదు.

"మార్టూరు ఒకటివ్వండి," అన్నాను కండక్టరుతో.

"మార్టూరా? ఇది నరసరావుపేట పోయే బస్సు. బోర్డు చదవకుండానే ఎక్కేశావా అమ్మా? చదువుకున్నదాని మాదిరే ఉన్నావే," అంది ఆవిడ, బస్సు మొత్తం వినేలా. వెనక సీట్లో ముసలాయన, "ఎండలో దించబాకమ్మా, చెట్టు నీడనన్నా దించు," అన్నాడు. చెట్టు నీడనే దించింది. తిరుగు బస్సు కోసం నిలబడి, ఎదురుగా పొలంలో పత్తి తీస్తున్న వాళ్ళని చూశాను. నడుముకి కట్టుకున్న గుడ్డల్లోకి దూది పోసుకుంటూ చాలా నెమ్మదిగా నడుస్తున్నారు. వాళ్ళెవరూ నావైపు చూడలేదు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు.

మార్టూరు దాటాక

మార్టూరు దాటాక రోడ్డుకి లోపలగా ఉన్న ఊరు అది. మస్తాన్ ఇల్లెక్కడని అడిగితే, ఇంటికాడ ఎవరుంటారు, మిరప షెడ్డుకి పొమ్మన్నారు. రేకుల షెడ్డు. గుమ్మంలో నిలబడి చూస్తే, కాయల గుట్ట దగ్గర ఆరుగురు అటు తిరిగి కూర్చున్నారు. ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, తలలకి తువ్వాళ్ళు. మగవాళ్ళేననుకున్నాను.

"మస్తాన్ గారు ఎవరండీ?" అన్నాను.

ఆరు తలలూ తిరిగాయి. ఆరుగురూ ఆడవాళ్ళే. మిరప ఘాటు చేతులకి ఎక్కకుండా చీరల మీద మొగుళ్ళ చొక్కాలు తొడుక్కున్నారు.

"మస్తాన్ మా ఆయన. లారీ మీద పోయాడు," అంది మధ్యలో కూర్చున్నావిడ. "బహుమానం తెచ్చేది మీరేనా? నా పేరు జాన్‌బీ."

"మరి ఆట ఆడేది?"

"చొక్కా ఆయనది, ఫోనూ ఆయనదే. ఆట మాత్రం మాది."

మస్తాన్ కొత్త ఫోన్ కొనుక్కుని, అద్దం పగిలిన పాతది జాన్‌బీకి వదిలేశాడట. అందులో అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. ఊళ్ళో చాలా ఫోన్లు అంతే, మగాళ్ళ చేతుల్లోంచి దిగి ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చినవి. పని చెయ్యాలి కాబట్టి ఒకరు తోలుతుంటే మిగతా అయిదుగురూ కాయల తొడిమలు తీస్తారు. నేను వెళ్ళినప్పుడు వాళ్ళలో చిన్నది నాగమణి తోలుతోంది. గుట్టకి ఎడంగా పీట వేసుకుని, ఫోన్‌ని బస్తాకి ఆనించి కూర్చుంది.

"ఎడం పక్కకి తియ్యవే, బస్సొస్తంది," అంది అందరికంటే పెద్దావిడ సుబ్బాయమ్మ.

"నువ్వు కాయ చూసుకో అత్తా, రోడ్డు నేను చూసుకుంటా."

నేను చూస్తుండగానే నాగమణి లారీని పక్కకి తీసి ఆపేసింది. అక్కడ ఏమీ లేదు, ఎండిన గడ్డి, దూరంగా ఒక గుట్ట. ఎందుకాపావని అడిగాను.

"నా వంతు అయిపోయిందిగా," అంది.

అప్పుడు సుబ్బాయమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. బయటికి పోయి చేతులకి కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, కొంగుకి తుడుచుకుని, వేళ్ళు వాసన చూసుకుని, జాన్‌బీ ముందు చేతులు చాపింది. జాన్‌బీ కూడా వాసన చూసి తలూపాక పీట మీద కూర్చుంది. నాగమణి కాయల దగ్గరికి వచ్చింది. లారీ కదిలింది. మా ఇంజనీర్లు అన్నాళ్ళు వెతికిన తప్పు ఇదన్నమాట.

"ఇంత కడుగుడు ఎందుకంటే," అంది జాన్‌బీ, "మొదట్లో తెలవక కారం చేతుల్తోనే ఆడేవాళ్ళం. ఓ రోజు ఆయన ఇంటికొచ్చి, ఆయన ఫోన్లో బేలెన్సు లేక ఇది తీసి చెవి కాడ పెట్టుకున్నాడు. ఇంక చూడండి, ఊరంతా పరిగెత్తాడు. చెవి వారం రోజులు ఎర్రగానే ఉంది."

హారన్ సంగతీ అడిగాను. షెడ్డులో ఫోన్ మోగితే ఓనరు ఊరుకోడట. చప్పుడు పూర్తిగా తగ్గించే పెట్టుకున్నారు, అయినా భయానికి ఆ హారన్ బొమ్మ మీద వేలు కూడా పెట్టరు.

చేతులూరుకోక నేనూ నాలుగు తొడిమలు తీశాను. కళ్ళు ముట్టుకోబాకండి అని వాళ్ళు అంటూనే ఉన్నారు, నేను కన్ను నలుపుకున్నాను. ఆ మంట ఎలా ఉంటుందో రాయను. నాగమణి నీళ్ళు పోసింది, సుబ్బాయమ్మ గుడ్డలో పెరుగు కట్టి కంటి మీద పెట్టి ఊదింది. "కొత్తోళ్ళందరికీ ఇదే ప్రసాదం," అన్నారెవరో. అందరూ నవ్వారు. ఒంటికన్నుతోనే వాళ్ళ పెరుగన్నం, పండుమిరప పచ్చడి తిన్నాను. ఆ పచ్చడిలో బెల్లం లేదు, కానీ దాని రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

తిన్నాక జాన్‌బీ అడిగింది, బహుమానం ఇవ్వడానికి ఇంత దూరం ఎవరొస్తారు, అసలు సంగతేమిటని. చెప్పేశాను. మీరు మగవాళ్ళయితే గుద్దుకునే ఆట ఇస్తారు, ఆడవాళ్ళయితే గులాబీ లారీ ఇస్తారు, ఎటు చూసినా ఈ దారి మూసేస్తారని. నా ఫోన్లో ఆ గులాబీ లారీ ఉంది, చూపించాను. నాగమణి చేతులు కడుక్కుని వచ్చి తోలింది. చీరలు ఎక్కించింది, ఒక వంతెన దాటింది, కొట్టు ముందు దింపింది. తెర మీద పూలు రాలాయి.

"అప్పుడే వచ్చేసిందా?" అంది.

"ఆడవాళ్ళకి పొడుగు దారంటే విసుగని…"

"ఎవరు చెప్పారండీ?" అంది జాన్‌బీ. గొంతు పెంచలేదు. "ఇంటికాడ పొయ్యి, ఇక్కడ కాయ. ఈ ఊరు దాటి నేను పోయేది ఈ రోడ్డు మీదే. మాకు దూరం గావాల. దగ్గరివన్నీ ఉన్నయ్యిగా."

"అయితే మగోళ్ళమనే రాయండి," అంది నాగమణి.

"మగోళ్ళయితే గుద్దుకునేది ఇస్తారంటగా," అంది సుబ్బాయమ్మ. "ఆడోళ్ళమూ గాదు, మగోళ్ళమూ గాదు అంటే ఏమిస్తారమ్మా?"

ఆ ప్రశ్న తప్పించుకోవడానికి, లారీ ఎక్కడిదాకా పోయిందని అడిగాను. వాళ్ళు అప్పటికి మధురై దాటారు. మస్తాన్ నిజం లారీతో ఏడాదికి రెండు మూడుసార్లు అటు పోతాడట. పోయేటప్పుడు మిరపకాయ, వచ్చేటప్పుడు తూత్తుకుడిలో ఉప్పు.

"కన్యాకుమారి ఎట్టా ఉంటది అంటే, ఏముంది, నీళ్ళు అంటాడు," అంది జాన్‌బీ. "నన్ను తీసకపో అంటే బండ్లో ఆడోళ్ళెందుకంటాడు. నేల అక్కడితో అయిపోద్దంట గదా. అది చూడాలని మా ఆరుగురికీ. ఎట్టా ఉంటదండీ అక్కడ? మీరేగా వేసింది."

నేను వెయ్యలేదు. అంత దూరం ఎవరూ పోవడం లేదు, వెయ్యడం దండగ అని శ్రీధర్ ఆపేయించాడు. తిరునల్వేలి దాటాక రోడ్డు బూడిదరంగులోకి పోయి ఆగిపోతుంది. అబద్ధం చెబుదామనుకున్నాను. ఆవిడ కళ్ళు చూసి చెప్పలేకపోయాను.

"ఇంకా వెయ్యలేదండీ," అన్నాను.

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి.

"మరి మేం ఎక్కడికి పోతన్నట్టు?" అంది జాన్‌బీ.

సిగ్గుతో తల వంచుకున్నాను. కన్ను మంటో ఏడుపో తెలియని నీళ్ళు కారాయి. సుబ్బాయమ్మే మళ్ళీ మాట్లాడింది. "వెయ్యలేదంటంది గానీ వెయ్యనన్లేదు గదే. పిల్లకి చేతులున్నయ్యిగా."

జాన్‌బీ కాసేపు గుట్టకేసి చూసింది. "ఈ కాయ అయిపోయేలోపు మేం వస్తాం," అంది. "నువ్వు వేసి పెట్టు."

అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది. టీషర్టు ఇచ్చాను. మస్తాన్‌కి దాచి పెడుతుందేమో అనుకున్నాను. చొక్కా మీదే తొడుక్కుంది, మోకాళ్ళ దాకా వచ్చింది. "ఇదొకటి నాది," అంది.

ఓడరేవు

కన్యాకుమారి వెళ్ళే తీరిక లేదు. సముద్రం చూడాలంటే దగ్గరిది చీరాల ఓడరేవు. అక్కడికి వెళ్ళి, ఇసకలో కూర్చుని, శ్రీధర్‌కి ఫోన్ చేశాను.

"తేలిందా? ఆడా, మగా?"

"ఆరుగురు," అన్నాను.

"ఒక్క ఖాతా కదా."

"ఒక్క ఖాతానే. ఒకరు తోలతారు, అయిదుగురు దారి చెబుతారు. చేతులు కడుక్కోవడానికి ఆపుతారు. ఆడవాళ్ళే. గులాబీ లారీ చూపిస్తే అప్పుడే అయిపోయిందా అన్నారు. మంగళగిరిలో నాగలక్ష్మి మగాయన. మన లెక్కంతా ఫోన్ ఎవరిదో చెబుతోంది శ్రీధర్, ఎవరు ఆడుతున్నారో చెప్పట్లేదు."

అలల చప్పుడు అతనికీ వినపడి ఉంటుంది.

"ఆరుగురి కోసం దారి ఉంచలేం," అన్నాడు.

"అలాంటి ఫోన్లు ఊరూరా ఉన్నాయి. చూసిందే చెబుతున్నాను. మిరపకాయ పని అయ్యేదాకా ఉంచు. వాళ్ళు చివరిదాకా వస్తారు."

"చివర లేదుగా."

"వేస్తాను."

"ఆఫీసు పని ఆపుకుని కాదు," అన్నాడు. "వాళ్ళు చేరితే అప్పుడు చూద్దాం. చేరకపోతే మూసేద్దాం."

ఫోన్ పెట్టేసి నీళ్ళకేసి చూశాను. పక్కన చేపల బుట్టలు కడుగుతున్న ఆవిడ నన్ను పలకరించి, తప్పిపోయావా అమ్మాయ్ అంది. లేదు, సముద్రం ఏ రంగో చూస్తున్నానన్నాను. "ఏ రంగేంది, పొద్దున్నొకటి, మాపొకటి," అని తన పని చూసుకుంది. ఎండ తగ్గాక నీలం ముదిరింది. వెనక ఊరి మీద వాలే పొద్దుకి నీళ్ళ అంచున ఆకాశం కనకాంబరం రంగుకి తిరిగింది. పద్మనాభం గారు నేసి మానేసిన జత అది. వాళ్ళు ఏ వేళకి చేరినా అక్కడ ఆ పొద్దే ఉండేలా వేస్తానని అనుకుని, ఆ చీర అక్కడ పరిచి ఉన్నంతసేపూ నేను లేవలేదు.

తిరిగొచ్చాక

ఏడుకొండలు అడిగిన తిరుగు లోడు సంగతి శ్రీధర్‌కి చెప్పాను, అప్పుడు పట్టించుకోలేదు. దారి చివర మాత్రం సెలవు రోజుల్లో వేశాను. కొండరాళ్ళు, పడవలు, రోడ్డు ఇసకలోకి దిగి మాయమైపోయే చోటు, ఆ తర్వాత నీలం, నీలానికి కనకాంబరం అంచు. రోజూ మధ్యాహ్నం మస్తాన్ లారీ ఎక్కడుందో చూసేదాన్ని. కోవిల్‌పట్టి. మర్నాడు ఇంకాస్త ముందుకి. మధ్యలో కొన్నాళ్ళు అసలు కదల్లేదు. ఫోన్ పాడయిందో, మస్తాన్ తీసేసుకున్నాడో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత కదిలింది. అకాల వానకి కాయ తడిసి, పని ఆగిందని తర్వాత తెలిసింది. ఎండలు ముదిరాయి. వాళ్ళ షెడ్డులో గుట్ట తగ్గిపోతూ ఉంటుందని తెలుసు. లారీ మాత్రం ఎప్పటిలాగే ఎవర్నీ దాటకుండా, వంతు వంతుకీ ఆగుతూ పోతోంది.

లారీ తిరునల్వేలి దాటిన రోజు నేను శ్రీధర్‌ని పిలిచాను. అతను కాఫీ కప్పుతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. బూడిదరంగు ఉండాల్సిన చోట తాటిచెట్లు వచ్చాయి, పాకలు వచ్చాయి. లారీ ఇసక దాకా వెళ్ళి ఆగింది. ముందు నేల లేదు.

చాలాసేపు అక్కడే ఉంది. వంతు మారేదానికంటే చాలా ఎక్కువసేపు.

"బగ్గా?" అన్నాడు శ్రీధర్.

"చూస్తున్నారు," అన్నాను.

అప్పుడు హారన్ నొక్కిన గుర్తు పడింది. మస్తాన్ పేరు మీద మొట్టమొదటి హారన్. ఒక్కసారే. తర్వాత ఏమీ లేదు. శ్రీధర్ కప్పు బల్ల మీద పెట్టాడు. కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, తుడుచుకుని, వాసన చూసుకునేంత సేపు గడిచాక రెండో హారన్. మళ్ళీ అంతసేపు, మూడోది. నాలుగోది, అయిదోది. ఆఖరిది రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది, అది సుబ్బాయమ్మదనుకుంటాను, మోకాళ్ళ నొప్పులావిడ. ఆరో హారన్ చాలా పొడుగ్గా వచ్చింది.

శ్రీధర్ ఆడా మగా అని అడగలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు వీళ్ళు ఖాళీ బండితో తిరిగి రావాలా?" అన్నాడు. "తిరుగు లోడు ఏం పెడదాం?"

"ఉప్పు," అన్నాను.